కానుగకు చివరి గుక్క

జూలై 7, సోమవారం

ఆరుబయలు ఇన్‌చార్జి అయినవాళ్లు రోజూ ఈ పుస్తకంలో నాలుగు ముక్కలు రాయాలని కాలేజీ నిబంధన. నాకు ముందు ఈ పని చూసిన ఫిజిక్స్ మాస్టారు ఏళ్ల తరబడి "అంతా సవ్యం" అని రాసి హాయిగా రిటైరయ్యారు. నేను చెప్పేది కెమిస్ట్రీ. కానుగకీ వేపకీ తేడా చెప్పగలను, అంతకు మించి చెట్ల గురించి నాకేమీ తెలియదు. స్టాఫ్ మీటింగులో ఈ బాధ్యత ఎవరికి అప్పగించాలన్న మాట వచ్చినప్పుడు అందరూ తలలు దించుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. తలెత్తి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. అలా వచ్చి నెత్తిన పడింది.

ఈరోజు అంతా సవ్యంగా లేదు. రెండో పీరియడ్ మధ్యలో పెద్ద కానుగ మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది.

మా బండిచెట్లు కదలడం కొత్తేమీ కాదు. లారీ తొట్టంత తొట్టిలో చెట్టు, తొట్టి కింద చక్రాలు, అంచుల వెంట ఎండను కరెంటు చేసే పలకలు. పొద్దు జరిగినకొద్దీ చెట్టు జానెడు జానెడు జరిగి, నీడ మా మీదే ఉండేలా చూసుకుంటుంది. కింద కూర్చున్నవాళ్లకు అది కదులుతున్నట్టే తెలియదు. ఈరోజు మాత్రం చక్రాలు కిర్రుమన్నాయి. జానెడుతో ఆగకుండా, మనిషి నడిచేంత వేగంతో, హాస్టల్ మెట్ల వైపు సాగిపోయింది. నేను బోర్డు వైపు తిరిగి ఉన్నాను. ముందు నా వీపు మీద ఎండ పడింది, తర్వాత పిల్లల కేకలు వినబడ్డాయి.

ఎండ గంట కొట్టి అప్పటికి చాలాసేపైంది. ఆ గంట కొట్టాక నీడ లేనిచోట మనిషి నిలబడకూడదు. పోయినేడు బస్టాండులో నిలబడ్డవాళ్లను ఆసుపత్రికి మోసుకెళ్లడం కళ్లారా చూశాను. చాపలు నెత్తిన కప్పుకుని అందరం లైబ్రరీ వరండాలోకి పరిగెత్తాం. అక్కడ నిలబడితే పుస్తకం తెరిచే చోటు కూడా లేదు.

చల్లగదుల్లో హాస్టల్ పిల్లలకే చోటు చాలదు. ఊళ్లోంచి వచ్చిపోయేవాళ్ల కోసం పెట్టిందే ఈ ఆరుబయలు సెక్షన్. ముప్ఫైమంది. కానుగ నీడే వాళ్ల తరగతి గది. నీడ నిలవదని తేలితే సెక్షన్ ఎత్తేస్తారు, ఎత్తేస్తే వీళ్లు చదువు మానేసి ఇళ్లకు పోవడమే. నీడ తనిఖీ అధికారి ఈ నెల ముప్ఫయ్యో తేదీన వస్తున్నాడు. నాకసలే కంగారు ఎక్కువ. 

వరండాలో గంగరత్న నా పక్కన వచ్చి నిలబడింది. ఇరవై ఆరేళ్ల మనిషి, సెక్షన్‌లో అందరికంటే పెద్దది. తెల్లారకముందే మగ్గం మీద కూర్చుని, ఇంత నేసి, తర్వాత కాలేజీకి వస్తుంది. మిగతా పిల్లలంతా అక్కా అంటారు.

"మళ్లా వస్తాది లే మేడమ్. మీరు అట్ల రొప్పొద్దండి," అంది.

నేను రొప్పుతున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

జూలై 9, బుధవారం

చక్రాలు చూడమని ఇంతియాజ్‌ని పిలిచాను. బండిచెట్ల మరమ్మతులన్నీ అతనే చూస్తాడు. తొట్టి కింద దూరి, నూనె మరకలతో బయటికొచ్చి, నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చక్రాల్లో ఏం ల్యాదు మేడమ్. బ్రేకులు గూడా బాగుండాయి. బుర్రే దాన్ని అట్ల పొమ్మంటాంది."

బుర్ర అంటే సైకిల్ స్టాండు పక్క గదిలో ఉండే యంత్రం. పద్నాలుగు చెట్లనూ ఎక్కడ నిలపాలో అదే తేలుస్తుంది.

"ఎందుకు పొమ్మంటోంది?"

"నీళ్ల కోసరం. ఈ యేడు చెట్లకి పైపు నీళ్లు తగ్గించిరి కదా. ఎవురు పోస్తే వాళ్ల కాడ నిలబడాలని నేర్చుకునింది. మనం నేర్పింది కాదు."

ఇక్కడ మా కాలేజీ ఆచారం ఒకటి చెప్పాలి. పొద్దున్నే ఎవరి వంతు తాగునీళ్లు వాళ్లకు బాటిల్‌లో కొలిచి ఇస్తారు. ఆ బాటిల్‌లో చివరి గుక్క మేం తాగం. ఏ చెట్టు కింద కూర్చుంటే ఆ చెట్టుకు పోసి లేస్తాం. తొట్టికి ఒక పక్క గిన్నె మూతలాంటిది ఉంటుంది, మనిషి దగ్గరికి రాగానే అది తెరుచుకుంటుంది. దాన్ని నోరు అంటాం. మొదటి బ్యాచ్ వాళ్లు సరదాగా మొదలుపెట్టారట, తర్వాత అదే మర్యాద అయి కూర్చుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే సీనియర్లు చెబుతారు. ఎవరైనా మరిచిపోయి అడుగుదాకా తాగేశారా, ఇక చదువు అయ్యేదాకా వాళ్లకు "అడుగునాకుడు" అనే పేరు తప్పదు. నేనూ ఇక్కడే చదివాను. ఇప్పటికీ ఇంట్లో గ్లాసు అడుగున కాసిని నీళ్లు వదిలేస్తుంటాను. మా ఆయన ఆ గ్లాసు చూసినప్పుడల్లా విసుక్కుంటాడు.

"మా పిల్లలూ పోస్తున్నారు కదా ఇంతియాజ్, ఒక్కరూ మానరు," అన్నాను.

"వీళ్లది గుక్క మేడమ్. హాస్టలోళ్లకి కుళాయి ఉండాది. జగ్గులతో పోస్తాండారు పాపం, చెట్టు మీద ప్రేమతోనే. ఎక్కువ దొరికే తావుకి బుర్ర ఆశపడతాంది. మనమైనా అంతే కదా."

చెట్టుకు ఆశ లేదు, ప్రేమతో పోసేవాళ్ల తప్పూ లేదు. ఎవరినీ తిట్టుకోవడానికి లేనప్పుడు నాకు భయం ఇంకా ఎక్కువవుతుంది.

జూలై 11, శుక్రవారం

కానుగ ఈరోజు కూడా వెళ్లింది. నిన్నా వెళ్లింది. వరండాలో నిలబడి నిలబడి పిల్లల కాళ్లు వాచాయి.

ప్రిన్సిపాల్ దామోదరం గారు పిలిపించారు. ఆయన గదిలో చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏ సమస్యా పెద్దదిగా కనిపించదు. చెప్పిందంతా విన్నారు. బుర్రను తుడిచేసి మళ్లీ మొదటినుంచి నేర్పించవచ్చా అని అడిగాను. అలా చేస్తే రెండు నెలలు చెట్లన్నీ ఉన్నచోటే మొద్దుల్లా నిలబడిపోతాయని, అప్పుడు తనిఖీ దాకా అక్కర్లేకుండా తామే సెక్షన్ మూసేయాల్సి వస్తుందని అన్నారు.

"ముప్ఫయ్యో తేదీన అధికారి వచ్చినప్పుడు కానుగ కదలకూడదు సుభాషిణి గారూ. అది మీరెలా చేస్తారో నేను అడగను."

క్లాసుకు వచ్చి, వరండాలోనే, ఇంతియాజ్ చెప్పింది పిల్లలకు చెప్పాను. దాచాల్సిన విషయం అనిపించలేదు. మీ గుక్కలు కానుగకు ఆనడం లేదట, హాస్టల్ వాళ్ల జగ్గులకు అలవాటు పడిందట అని నవ్వుతూ అన్నాను. అందరూ నవ్వారు. గంగరత్న నవ్వకుండా హాస్టల్ మెట్ల వైపు చూస్తూ ఉంది.

జూలై 15, మంగళవారం

కానుగ నిన్న కదల్లేదు, ఈరోజూ కదల్లేదు.

రెండో పీరియడ్ మొదలైనప్పటినుంచీ ఒక చెవి చక్రాల మీదే పెట్టి పాఠం చెప్పాను. ఒకసారి కిర్రుమంటే సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. జానెడు జరిగి ఆగింది, అంతే. పీరియడ్ గంట కొట్టగానే దాని దగ్గరికి వెళ్లి బెరడు మీద చెయ్యి వేశాను. ఎవరైనా చూస్తే నవ్విపోతారని మళ్లీ తీసేశాను.

"దానికి మన మీద మనసైంది మేడమ్," అన్నాడొక పిల్లవాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్నాను.

జూలై 18, శుక్రవారం

వారమంతా కానుగ మా దగ్గరే ఉంది. ఫిజిక్స్ మాస్టారిలా నేనూ అంతా సవ్యం అని రాసేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

పిల్లలు మందకొడిగా ఉన్నారు. ముందు వరసలో ఇద్దరు కునుకు తీస్తుంటే మేల్కొలిపాను. ఒకమ్మాయి పెదవులు పగిలి ఉన్నాయి. రాత్రంతా ఏం చేస్తున్నారర్రా, పరీక్షలు దగ్గరకొస్తున్నాయని తెలియదా అని కోప్పడ్డాను. గంగరత్న మాత్రం తల వంచి రాసుకుంటూనే ఉంది. ప్రశ్న అడిగితే లేచి జవాబు చెప్పింది, తప్పు కూడా లేదు. మాట మాత్రం నోట్లో తిరగనట్టు ఆగి ఆగి వచ్చింది.

ఇంతియాజ్‌ని అడిగాను, చెట్టు ఎందుకు నిలబడిందని. బుర్రనడిగి చెప్తానన్నాడు. సోమవారం దాకా అతనికి సెలవు.

జూలై 22, మంగళవారం

గంగరత్న పడిపోయింది.

బోర్డు దగ్గరికి పిలిచి సమీకరణం పూర్తి చేయమన్నాను. సుద్ద పట్టుకుని సగం రాసింది. మిగతా సగం గీత కిందికి జారిపోయింది, మనిషి కూడా గీతతోపాటు జారింది. వెళ్లి పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. నీళ్లు, నీళ్లు అని అరిచాను. ముప్ఫైమంది ఉన్న క్లాసులో ముగ్గురి బాటిళ్లలో తప్ప నీళ్లు లేవు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. నా బాటిల్ మూత తీసి ఆమె నోట్లో పోశాను. ఇంతియాజ్ పరిగెత్తుకొచ్చి ఆమెను భుజాన వేసుకుని కాలేజీ వ్యాన్ దాకా మోశాడు. వ్యాన్ వెళ్లాక వెనక్కి తిరిగి పిల్లల్ని చూశాను. ఒక్కరూ నావైపు చూడటం లేదు.

"బాటిళ్లన్నీ ఎందుకు ఖాళీగా ఉన్నాయి?" అన్నాను.

ఒకమ్మాయి నోరు విప్పింది. "పోసినాం మేడమ్. వంతులేసుకున్యాం. దినానికి ఐదుమంది, బాటిల్ బాటిల్ అంతా కానుగకే. అట్లయితేనే నిలబడతాంది."

"ఐదుగురైతే మిగతావాళ్ల నీళ్లేవి?"

"అదీ చాలకపోయె. మళ్లా సగం సగం పోసినాం. చిన్నోళ్ల వంతు గూడా అక్కే పోసింది. మేం వద్దంటే వినల్యా. సెక్షన్ పోతే మీరు ఇంగో కాలేజీకి పోతారు, నేను మగ్గం కాడికి పోతాను అనింది."

మందకొడిగా ఉన్నారని కోప్పడ్డాను నేను వీళ్ల మీద.

జూలై 23, బుధవారం

ఆసుపత్రికి వెళ్లాను. గంగరత్నకు ప్రాణభయం లేదన్నారు. మూత్రపిండాలకు ఎండదెబ్బ తగిలిందీ లేనిదీ ఇంకా పరీక్ష చేయాలట. సెలైన్ ఎక్కుతోంది, నిద్రపోతోంది. పక్కన స్టూలు మీద వాళ్ల అత్త ఓబుళమ్మ కూర్చుని ఉంది. కోడలు కాలేజీలో చేరతానంటే ఊరంతా నవ్వినా పంపింది ఈమే అని గంగరత్న ఒకసారి చెప్పింది.

"మీరేనా టీచరమ్మ," అంది. అవునన్నాను.

"నీడలో కూసోని సదువుకునేది కదా అని పంపిస్తిని. నీడకి నీళ్లు కట్టాల్నని ఎవురూ సెప్పల్యా."

ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నాకూ తెలియదమ్మా అన్నాను. అది నిజమే గానీ పైకి అన్నాక చాలా సిగ్గుగా అనిపించింది.

తిరిగి వచ్చాక ఇంతియాజ్ బుర్ర ముందు కూర్చుని లెక్క తీశాడు. పిల్లలు ఎంత పోస్తే హాస్టల్ వాళ్లు అంతకంటే ఎక్కువ పోస్తున్నారు. కానుగ ఈమధ్య తమ దగ్గరికి రావడం లేదని వాళ్లకు బెంగట. వీళ్లు మళ్లీ పెంచుతున్నారు. ఇలా పోతే రేపు ఇంకొకరు పడతారు.

"మాన్పించాల మేడమ్. ఎవురూ ఒక్క చుక్క గూడా పొయ్యగూడదు. గుక్క గూడా," అన్నాడు.

"చెట్లు చచ్చిపోవా?"

"చావవు. పైపులో బతికేంత వస్తాది. ఆశపడేంతే రాదు."

జూలై 24, గురువారం

హాస్టల్ భోజనాల గదిలో అందరినీ పోగుచేశాను. నలుగురి ముందు పాఠం చెప్పగలను గానీ బతిమాలడం నాకు చేతకాదు. రాసుకెళ్లిన కాగితం చెమటకు తడిసి అంటుకుపోయింది.

హాస్టల్ సెక్రటరీ ప్రణతి లేచింది. "మేడమ్, చివరి గుక్క పొయ్యొద్దని మీరే చెప్తున్నారా? మీరూ ఇక్కడే చదివారు కదా."

"చదివాను."

"మీరు అడుగు తాగేసేవారా?"

కొందరు నవ్వారు. నేను కాగితం మడిచి పెట్టేశాను. గంగరత్న బాటిళ్ల సంగతి చెప్పాను. వాళ్ల అత్త అన్న మాట కూడా ఆమె అన్నట్టే చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ప్రణతి కూర్చుని, మళ్లీ లేచింది.

"అది నోరు తెరుస్తుంది మేడమ్. ఎదురుగా వచ్చి నోరు తెరుచుకుని నిలబడుతుంది. అప్పుడేం చెయ్యాలి?"

చూడకుండా తాగేయండి అన్నాను. మా కాలేజీలో ఇంతకంటే మర్యాద తక్కువ మాట ఎవరూ అని ఉండరు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు.

జూలై 26, శనివారం

రెండు రోజులుగా ఎవరూ నీళ్లు పోయడం లేదు. చెట్లకు నిలకడ లేదు.

పద్నాలుగు చెట్లూ పొద్దున్నుంచి తిరుగుతున్నాయి. మనిషి కనిపిస్తే వచ్చి నోరు తెరుస్తాయి, కాసేపు చూస్తాయి, మూసుకుని ఇంకొకరి దగ్గరికి పోతాయి. మందారాల తొట్లయితే చిన్నవి కాబట్టి కాళ్లకు అడ్డం పడుతున్నాయి. ఆరుబయలు సెక్షన్‌ను వరండాలోనే నిలబెట్టాను. పిల్లలు కిందికి చూస్తూ నీళ్లు తాగుతున్నారు, తప్పుచేసినవాళ్లలా.

మధ్యాహ్నం హాస్టల్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి తట్టుకోలేక బాదంచెట్టుకు గ్లాసెడు పోసింది. ఆ ఒక్క గ్లాసు కబురు బుర్రకు చేరింది. మైదానం నలుమూలల నుంచీ చెట్లన్నీ తిరిగి ఆ అమ్మాయి వైపు బయల్దేరాయి. మొదట ఆమె నవ్వింది. తొట్లు చుట్టూ చేరి అంచుకు అంచు ఆనుకున్నాయి. మనిషిని గుద్దవు, అంత జాగ్రత్త వాటికి ఉంది, కానీ బయటికి రావడానికి సందు మిగల్లేదు. నడుమ ఎక్కడో ఆ పిల్ల ఏడుపు వినబడుతోంది. అన్ని తొట్ల నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. ఇంతియాజ్ వెళ్లి బుర్రకు కరెంటు ఆపితే గానీ ఆమెను పైకి లాగలేకపోయాం.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఈ చెట్లకింద నేను పెరిగాను. వాటిని చూసి భయపడతానని ఎన్నడూ అనుకోలేదు.

జూలై 28, సోమవారం

శనివారం సంగతి ప్రిన్సిపాల్ గారికి తెలిసింది. కానీ ఆయన బెంగంతా ఎల్లుండి గురించే.

"ఆ ఒక్కరోజుకి పొయ్యనివ్వండి. అధికారి గారు అరగంట ఉంటారు. కానుగ ఆ అరగంట నిలబడితే చాలు. తర్వాత మళ్లీ మాన్పించుకోండి."

"ఒక్కరోజు పోస్తే మళ్లీ మొదటికొస్తుంది సార్. మళ్లీ వంతులేసుకుంటారు, మళ్లీ ఎవరో పడిపోతారు."

"సెక్షనే లేకపోతే ఎవరూ పడిపోరు లెండి," అన్నారాయన. ఎగతాళిగా అనలేదు. ఆయనకూ వేరే దారి కనబడటం లేదు.

క్లాసుకెళ్లి ఆయన అన్నది చెప్పాను. మీరేమంటారు మేడమ్ అని పిల్లలు అడిగారు. నేను పొయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నాకు ధైర్యం చాలలేదు.

జూలై 30, బుధవారం

ఇంటికొచ్చి చాలాసేపైంది. కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని రాస్తున్నాను.

అధికారి పేరు చక్రపాణి. తెల్ల గొడుగు వేసుకుని, చేతిలో ట్యాబ్ పలక పట్టుకుని రెండో పీరియడ్‌కు వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు లైబ్రరీ వరండాలోనే ఆగిపోయారు. పొద్దున్నే ఇంతియాజ్ కానుగను తోలుకొచ్చి మా చోట నిలిపాడు. ఎంతసేపు ఉంటాదో నేను చెప్పలేను మేడమ్ అని ముందే అన్నాడు. పిల్లలు చాపల మీద కూర్చున్నారు. హాజరు పిలుస్తుంటే, దాటేద్దామనుకుని కూడా అలవాటుగా పిలిచిన ఒక పేరుకు జవాబు వచ్చింది. గంగరత్న చివరి వరసలో కూర్చుని ఉంది. నిన్న సాయంత్రమే ఇంటికి పంపారట. మొహం పీక్కుపోయింది, చేతికి సెలైన్ ఎక్కించిన చోట ఇంకా ప్లాస్టర్ ఉంది. ఈరోజు రావాల్సిన పనేముంది అని కోప్పడే సమయం లేదు.

పాఠం మొదలుపెట్టాను. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని ఎలా తీసుకుపోతుందో చెబుతున్నాను. చక్రపాణి గొడుగు కింద నిలబడి రాసుకుంటున్నాడు. నా గొంతు నాకే వేరే ఎవరిదోలా వినబడుతోంది.

కానుగ కదిలింది. హాస్టల్ వైపు కాదు, చాపల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెనక్కి వెళ్లి గంగరత్న ఎదురుగా ఆగింది. అందరికంటే ఎక్కువ పోసింది ఆమే కదా, బుర్ర మరిచిపోలేదు. నోరు తెరుచుకుంది.

గంగరత్న బాటిల్ చేతిలోకి తీసుకుంది. నిండుగా ఉంది. క్లాసంతా ఆ బాటిల్నే చూస్తోంది. ఆమె పోస్తే చెట్టు అక్కడే నిలబడుతుంది, అధికారి చూసి వెళ్లిపోతాడు, సెక్షన్ మిగులుతుంది. పొయ్యి, ఒక్కసారికి పొయ్యి తల్లీ అనుకున్నాను. వారం కింద ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, ఇకమీదట ఎవరినీ పొయ్యనివ్వనని ఒట్టు పెట్టుకున్నదాన్ని నేనే.

ఆమె మూత తీసి బాటిల్ నోటికి ఎత్తుకుంది. గుక్క గుక్కగా, ఆపకుండా తాగింది. సగం అయింది, పావు అయింది. చివరి గుక్క దగ్గర ఒక క్షణం ఆగింది. తర్వాత అదీ తాగేసి, బాటిల్‌ను తలకిందులు చేసి చూపించింది. చెట్టుకు చూపించిందో మాకు చూపించిందో తెలియదు. ఒక్కరు కూడా అడుగునాకుడు అనలేదు.

నోరు మూసుకుంది. చక్రాలు కిర్రుమన్నాయి. కానుగ హాస్టల్ వైపు బయల్దేరింది.

నేను మాట ఆపితే క్లాసు ఆగిపోయినట్టే, ఆగిపోయిందని ఆయన రాసేస్తాడు. ఆ భయంతోనే నోరు ఆపలేదు. నోరు ఆపకుండా, ఎండ నా పాదాల మీదికి వస్తుంటే దాన్నుంచి తప్పుకోవడానికి ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు వేశాను. నీడ పోతోంది, నేను నీడతో పోతున్నాను. "కాబట్టి తడిగుడ్డ చుట్టిన కుండ చల్లగా ఉంటుంది, ఎందుకో ఎవరు చెబుతారు," అని అడుగుతూనే నడుస్తున్నాను. వెనక చాపలు చుట్టిన చప్పుడు వినబడింది. ఎవరో జవాబు చెప్పారు. తిరిగి చూస్తే ముప్ఫైమందీ కానుగ కిందే ఉన్నారు, నోట్సులు చేతుల్లో పెట్టుకుని, ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ. గంగరత్నను ఇద్దరు చెరో రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు.

హాస్టల్ మెట్ల దాకా వెళ్లాం. అక్కడ ప్రణతి వాళ్లు ఖాళీ బాటిళ్లు ఎత్తి చూపించారు. కానుగ తిరిగి ఆఫీసు వైపు మళ్లింది. మేమూ మళ్లాం. చక్రపాణి గొడుగుతో మా పక్కనే, ఎండలో, చెమటలు కక్కుతూ వస్తున్నాడు.

"ఏం క్లాసమ్మా ఇది?" అన్నాడు.

"కెమిస్ట్రీ సార్. రెండో పీరియడ్."

"ఎంతసేపు నడుస్తారిట్లా?"

"గంట కొట్టేదాకా సార్."

"విద్యార్థులు కూర్చుని ఉండాలి కదా."

"నీడలో ఉండాలని ఉంది సార్. కూర్చోవాలని లేదు," అన్నాను. భయానికి ఆ నిబంధనలన్నీ నెలంతా చదువుతూనే ఉన్నాను, అదొక్కటి పనికొచ్చింది. ఆయన పలకలో వెతికాడు. వెతుకుతున్నంతసేపూ, గొడుగు ఉన్నా, ఎండ ఆయన్ను కాలుస్తూనే ఉంది. చివరికి గొడుగు మడిచి, నీడలోకి వచ్చి, నా పక్కన నడవడం మొదలుపెట్టాడు.

"కానివ్వండి," అన్నాడు. "తడిగుడ్డ దగ్గర ఉన్నారు."

సెక్షన్ ఇప్పటికి ఉంటుంది. నెల తర్వాత మళ్లీ వస్తాడట, అప్పటికి ఎవరూ పడిపోకపోతే ఇంకో నెల. కానుగ రేపు కూడా తిరుగుతుంది, ఎల్లుండీ తిరుగుతుంది. ఇక తిరిగి లాభం లేదని బుర్రకు ఎప్పుడు తెలుస్తుందో ఇంతియాజ్ చెప్పలేకపోతున్నాడు.

గంట కొట్టాక గంగరత్న లైబ్రరీ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అందరూ చూస్తాండగా అడుగుదాకా తాగితి మేడమ్. సిగ్గుతో సచ్చిపోయినా. ఆ చివరిది గొంతు దిగల్యా."

"నువ్వు పోస్తే బాగుండునని నేననుకున్నాను గంగరత్నా," అన్నాను.

"తెలుసు మేడమ్. మీ మొగం చూస్తే పోసేస్తానని, మీ దిక్కు చూడకుండా తాగినా."

నా బాటిల్‌లో ఇంకా సగం నీళ్లున్నాయి. నేనింత తాగి ఆమెకిచ్చాను, ఆమె తాగి నాకిచ్చింది. ఏమీ మిగల్చలేదు.